పైలట్ అవ్వాలంటే ఏ దారిన వెళ్లాలి? శ్రీకాకుళం, విజయనగరం పిల్లలకూ వాళ్ల అమ్మానాన్నలకూ

భోగాపురంలో ఎయిర్‌పోర్టు పనులు మొదలైన దగ్గర్నుంచి మన వైపు ఒక ప్రశ్న బాగా ఎక్కువైంది. ఇంట్లో ఎంపీసీ చదివే పిల్లో పిల్లాడో ఉంటే చాలు, "పైలట్ చేయిద్దామనుకుంటున్నాం, ఎక్కడ జాయిన్ చేస్తే మంచిది?" అని అడుగుతున్నారు. దానికి తోడు 2024 జూన్ నుంచి కేంద్ర విమానయాన మంత్రి మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడే కావడంతో ఆశ ఇంకాస్త పెరిగింది. ఆశపడటంలో తప్పేం లేదు గానీ, ఎక్కడ జాయిన్ చేయాలన్నది నాలుగో ప్రశ్న. దానికి ముందు మూడున్నాయి. ఒంట్లో మెడికల్‌కి అడ్డొచ్చేది ఏదైనా ఉందా? దేశంలో విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ పెట్టే పేపర్లు పాసవగలరా? లైసెన్సు చేతికొచ్చాక ఒకటి రెండేళ్లు ఉద్యోగం దొరక్కపోయినా ఇల్లు అప్పుని మోయగలదా? చాలామంది ఫీజుల పట్టిక చూసి దారి ఎంచుకుంటారు. నన్నడిగితే ఆ మూడో ప్రశ్నకి మీ ఇంట్లో వచ్చే జవాబుని బట్టే ఎంచుకోవాలంటాను.

ముందు లైసెన్సు సంగతి. ఎయిర్‌లైన్‌లో కో-పైలట్‌గా కూర్చోవాలంటే కమర్షియల్ పైలట్ లైసెన్సు ఉండాలి, అందరూ సీపీఎల్ అంటారు. మన దేశంలో దాన్ని ఇచ్చేది డీజీసీఏ ఒక్కటే. ఏ కాలేజీకీ, ఏ యూనివర్సిటీకీ ఆ అధికారం లేదు. ఇదెందుకు నొక్కి చెప్తున్నానంటే, బీబీఏ ఏవియేషన్, ఎయిర్‌పోర్ట్ మేనేజ్‌మెంట్ డిప్లొమా లాంటివి చూపించి "పైలట్ కోర్సు" అని అంటగట్టేవాళ్లు మన చుట్టుపక్కల తక్కువేం లేరు. ఒక ఎడ్యుకేషన్ ఫెయిర్‌లో స్టాల్ దగ్గర నిలబడి "లైసెన్సు ఎవరిస్తారండీ?" అనడిగితే, "మా యూనివర్సిటీయే ఇచ్చేస్తుందండీ, సర్టిఫికెట్‌తో పాటే" అన్నాడు ఆ కుర్రాడు, రెప్ప కూడా వేయకుండా. ఆ కోర్సులు చెడ్డవని కాదు, ఎయిర్‌పోర్టుల్లో గ్రౌండ్ ఉద్యోగాలకి పనికొస్తాయి. విమానం నడపడానికి మాత్రం ఒక్క గంట కూడా కలిసిరాదు.

సీపీఎల్‌కి 18 ఏళ్లు నిండాలి, ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి, క్లాస్-1 మెడికల్ ఉండాలి, డీజీసీఏ పేపర్లు పాసవ్వాలి, మొత్తం 200 గంటలు ఎగరాలి. ఆ 200లో కనీసం 100 గంటలు మీరే కమాండ్‌లో, అంటే పైలట్ ఇన్ కమాండ్‌గా ఎగిరినవి కావాలి. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్లే క్రాస్ కంట్రీ 20 గంటలు, అందులో 300 నాటికల్ మైళ్ల ప్రయాణం ఒకటి, మధ్యలో రెండు వేరే ఎయిర్‌ఫీల్డుల్లో పూర్తిగా ఆగే ల్యాండింగ్‌లతో. రాత్రి పూట 5 గంటలు, 10 టేకాఫ్‌లు, 10 ల్యాండింగ్‌లు. బయటికి చూడకుండా పరికరాల మీదే నడిపేవి 10 గంటలు. ఈ అంకెలు ఎక్కడైనా రాసి పెట్టుకోండి, విదేశీ ట్రైనింగ్ గురించి చెప్పేటప్పుడు మళ్లీ అవసరమవుతాయి.

బైపీసీ చదివినవాళ్లు కంగారుపడక్కర్లేదు, నేషనల్ ఓపెన్ స్కూల్ ద్వారా మ్యాథ్స్ రాసి తెచ్చుకునే వీలుంది, చాలామంది అలాగే చేస్తున్నారు. ఆర్ట్స్, కామర్స్ వాళ్లకి కూడా అవకాశం ఇవ్వాలన్న ప్రతిపాదన వచ్చింది గానీ దాన్ని నమ్ముకుని ప్లాన్ వేసుకోకండి, డీజీసీఏ వెబ్‌సైట్‌లో ఆ రోజుకి ఏ నిబంధన ఉందో అదే చూడండి.

మెడికల్ ముందు, అడ్మిషన్ తర్వాత

ఈ ఒక్క విషయంలో నేను మొండిగా ఉంటాను. మెడికల్ తేలకుండా ఎక్కడా రూపాయి అడ్వాన్సు కట్టొద్దు.

మొదట క్లాస్-2 మెడికల్. డీజీసీఏ గుర్తించిన డాక్టర్ల దగ్గరే చేయించుకోవాలి, ఆ జాబితా డీజీసీఏ వెబ్‌సైట్‌లో ఉంటుంది. రక్తం, మూత్రం, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే, చెవి పరీక్ష, కళ్లు. అది క్లియరయ్యాక క్లాస్-1. దానికి బెంగళూరులోని ఎయిర్‌ఫోర్స్ ఏరోస్పేస్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్, ఢిల్లీలోని ఎయిర్‌ఫోర్స్ సెంటర్ లాంటి చోట్లకి వెళ్లాలి, కొన్ని ప్రైవేటు ఆసుపత్రులకి కూడా అనుమతి ఉంది. అపాయింట్‌మెంట్ దొరకడానికే వారాలు పట్టొచ్చు కాబట్టి ఇంటర్ సెకండియర్ పరీక్షలు అవ్వగానే క్లాస్-2 పని మొదలుపెట్టేయడం మంచిది.

కళ్లద్దాలుంటే పనికిరారనేది మన దగ్గర ఇంకా బతికున్న అపోహ. సివిల్ పైలట్లకి అద్దాలు ఫర్వాలేదు, అద్దాలతో చూపు సరిగ్గా ఉంటే సరిపోతుంది, పవర్ మరీ ఎక్కువైతే మాత్రం ముందే అడగాలి. అసలు ఇబ్బంది రంగుల దగ్గర. ఇషిహారా పుస్తకంలో చుక్కల మధ్య అంకెలు చదవలేకపోతే చాలా కష్టం. ఇందులో బాధేంటంటే రంగులు సరిగ్గా కనపడని కుర్రాళ్లకి ఆ సంగతి పద్దెనిమిదేళ్లు వచ్చినా తెలీదు, ఇంట్లో వాళ్లకీ తెలీదు. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఏ కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లినా పది నిమిషాల్లో తేలిపోయే విషయం ఇది. పదో తరగతిలోనే చూపించేయండి. ఇక లేజర్ ఆపరేషన్ చేయించేద్దామనుకునే వాళ్లు, చేయించుకోక ముందే డీజీసీఏ డాక్టర్‌ని అడగండి, దానికి వేరే నిబంధనలున్నాయి.

ఉద్దానం పిల్లలకి ఇంకో మాట. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు కిడ్నీ జబ్బు సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. మెడికల్‌లో మూత్రంలో ప్రోటీన్ కనిపిస్తే ఆపేస్తారు. ఇంట్లో ఎవరికైనా ఆ జబ్బు ఉంటే, క్లాస్-2కి వెళ్లే ముందే క్రియాటినిన్, యూరిన్ పరీక్షలు చేయించుకోండి. పలాసలోనే 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైంది. అక్కడ ఏమీ లేదని తేలితే మనసు కుదుటపడుతుంది, ఏదైనా కనపడితే వైద్యం ముందుగా మొదలవుతుంది, పైలట్ సంగతి ఎలా ఉన్నా.

బరువెక్కువ, రక్తం తక్కువ, బీపీ లాంటి వాటికి సాధారణంగా తాత్కాలికంగా అన్‌ఫిట్ అని రాసి కొన్ని నెలలు గడువిస్తారు. దానికి ఏడవక్కర్లేదు.

పేపర్లు: తక్కువ ఖర్చుతో మిమ్మల్ని మీరు పరీక్షించుకునే చోటు

ఎయిర్ నావిగేషన్, మెటియరాలజీ, ఎయిర్ రెగ్యులేషన్స్, టెక్నికల్ జనరల్, టెక్నికల్ స్పెసిఫిక్. ఇవి డీజీసీఏ పేపర్లు. కంప్యూటర్ మీద రాయాలి, పాసవ్వాలంటే 70 శాతం రావాలి, నెగెటివ్ మార్కుల్లేవు. వీటితో పాటు ఆర్‌టీఆర్ అని రేడియోలో మాట్లాడే పరీక్ష ఉంది. ఇంతకుముందు అది టెలికం శాఖ చేతిలో ఉండేది, భారతీయ వాయుయాన్ అధినియం అమల్లోకి వచ్చాక 2025 నుంచి డీజీసీఏ కిందికి మార్చారు. కాబట్టి పాత వీడియోలు చూసి ప్రిపేర్ అయ్యేవాళ్లు జాగ్రత్త.

నా లెక్కలో, ఫ్లయింగ్ స్కూల్‌కి డబ్బు కట్టక ముందే కనీసం నావిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్ మూడూ అయిపోవాలి. గ్రౌండ్ క్లాసులకి రెండు మూడు లక్షలవుతుంది, ఢిల్లీ ద్వారకలో ఆ కోచింగ్‌లు వీధివీధికీ ఉన్నాయి, హైదరాబాద్‌లో, బెంగళూరులో కూడా దొరుకుతాయి, ఆన్‌లైన్‌లో ఇంకా తక్కువకి. ఆ కాస్త ఖర్చుతో, పిల్లాడికి నిజంగా ఈ చదువు ఒంటబడుతుందా లేదా అన్నది తేలిపోతుంది. పేపర్లు పాసవ్వకుండా ఫ్లయింగ్‌కి వెళ్లినవాళ్లకి, అక్కడ విమానం ఖాళీగా ఉన్నప్పుడు వీళ్లు పుస్తకం పట్టుకుని, వీళ్లు ఖాళీ అయ్యేసరికి విమానం రిపేర్‌కెళ్లి, అలా నెలలు నెలలు కరిగిపోతాయి.

ఈ చదువు ఎలా ఉంటుందో ఒక ముక్క చూపిస్తాను. నావిగేషన్‌లో "వన్ ఇన్ సిక్స్‌టీ" అని ఒక సూత్రం ఉంది. 60 మైళ్లు వెళ్లాక దారి నుంచి 1 మైలు పక్కకి జరిగితే, మీరు 1 డిగ్రీ తప్పుగా వెళ్తున్నట్టు. ఇప్పుడు 120 మైళ్లు వెళ్లాక చూస్తే కుడివైపు 4 మైళ్లు పక్కకి పోయారు. 4ని 60తో గుణించి 120తో భాగిస్తే 2 డిగ్రీలు. అంటే ఎడమకి 2 డిగ్రీలు తిప్పితే మీ దారికి సమాంతరంగా వెళ్తారు, కానీ ఇంకా 4 మైళ్లు పక్కనే ఉంటారు. దిగాల్సిన చోటికి నేరుగా చేరాలంటే మిగిలిన దూరాన్ని బట్టి ఇంకొన్ని డిగ్రీలు కలపాలి. మిగిలింది కూడా 120 మైళ్లే అయితే ఇంకో 2, మొత్తం 4 డిగ్రీలు. లెక్క ఇంతే, ఎంసెట్‌కి చదివిన పిల్లలకి చాలా తేలిక. కానీ దీన్ని విమానం ఊగుతుండగా, పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఏదో అడుగుతుండగా, నోటితో చేయాలి. ఇది చదివేటప్పుడు సరదాగా అనిపించిందా, విసుగ్గా అనిపించిందా? మీ జవాబు మీ దగ్గరే ఉంచుకోండి.

మెటియరాలజీ మాత్రం మన పిల్లలకి పరాయి సబ్జెక్టు కాదు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసినవాళ్లకి తుఫాను కన్ను అంటే ఏంటో, గాలి ఒక్కసారిగా ఆగి మళ్లీ అటువైపు నుంచి ఎందుకు కొడుతుందో పుస్తకం చెప్పక్కర్లేదు.

తెలుగు మీడియం పిల్లలు ఎక్కువగా టెన్షన్ పడేది ఇంగ్లిష్ గురించి. రేడియో ఇంగ్లిష్ వేరు, అది కవిత్వం కాదు, కొన్ని వందల మాటలు, వాటి వరస. అంకెలు పలకడంలోనే ప్రత్యేక పద్ధతుంది, 3ని "ట్రీ" అని, 5ని "ఫైఫ్" అని, 9ని "నైనర్" అని అంటారు. ఇంట్లో కారు నంబర్లు, ఫోన్ నంబర్లు ఆ పద్ధతిలో గట్టిగా చదవడం మొదలుపెట్టండి, ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. ఆ తర్వాత ఇంగ్లిష్ ప్రొఫిషియెన్సీ పరీక్షలో ఆరు స్థాయిల్లో కనీసం నాలుగోది రావాలి. అది మాట్లాడితే వచ్చేదే, గ్రామర్ పుస్తకాలు ఎన్ని తిరగేసినా రాదు.

డబ్బు, ఆ తర్వాత వచ్చే ఖాళీ

ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే మన ఇళ్లలో నిజంగా దెబ్బతినేది ఇక్కడే.

మన దేశంలో మామూలు ఫ్లయింగ్ స్కూల్‌లో సీపీఎల్‌కి ఇప్పుడు 45 నుంచి 60 లక్షల దాకా అవుతోంది, హాస్టలూ తిండీ వేరే. దాని పైన టైప్ రేటింగ్ అని ఉంటుంది. హెవీ లైసెన్సు ఉన్నంత మాత్రాన డ్రైవరుకి కొత్త రకం వోల్వో ఇచ్చేయరు కదా, అలాగే ఎయిర్‌బస్ ఏ320కో బోయింగ్ 737కో ఏటీఆర్‌కో విడిగా ట్రైనింగ్ తీసుకోవాలి. అది ఇంకో 12 నుంచి 20 లక్షలు. మొత్తం 70 లక్షలు కూడా దాటిపోవచ్చు చూశారా.

లోను సంగతి. బ్యాంకులు ఏడున్నర లక్షలు దాటిన ఎడ్యుకేషన్ లోనుకి సాధారణంగా తాకట్టు అడుగుతాయి. నరసన్నపేట వైపు ఒక రైతు నన్నడిగాడు, "నాకు నాలుగెకరాల పొలం ఉంది గదా బాబూ, దాని మీద ఇవ్వరేటి?" అని. "పొలం మీద ఎడ్యుకేషన్ లోను ఇవ్వడానికి బ్యాంకులు ఇష్టపడవు బాబాయ్, ఊళ్లో ఇల్లో, టౌన్‌లో స్థలమో, ఎఫ్‌డీయో అడుగుతారు" అని చెప్పాల్సి వచ్చింది. జీడితోటలున్నవాళ్లదీ అదే పరిస్థితి. అప్పుడు ఇక బయట వడ్డీకి తెస్తారు, లేదా పొలం అమ్ముతారు. ఆ రెండూ చేసే ముందు ఈ లెక్క వేసుకోండి.

60 లక్షలు 11 శాతం వడ్డీకి తీసుకుంటే, అసలు కట్టకుండా వడ్డీ ఒక్కటే నెలకి 55 వేలు. పదేళ్ల వాయిదాలైతే ఈఎంఐ దాదాపు 82,600. ట్రైనింగ్ బ్రోషర్‌లో 18 నెలలని ఉంటుంది, నిజానికి రెండేళ్లు దాటడం మామూలే. వానాకాలం ఎగరలేరు, విమానం రిపేర్‌కి పోతుంది, ఇన్‌స్ట్రక్టర్ వేరే చోటికి వెళ్లిపోతాడు. లైసెన్సు వచ్చాక ఉద్యోగం వెంటనే రావచ్చు, ఏడాదికి రావచ్చు, రెండేళ్లకి రావచ్చు. ఎయిర్‌లైన్లు ఏడాది పొడవునా తీసుకోవు, అవసరమున్నప్పుడు ఒక్కసారిగా వందల మందిని తీసుకుని, తర్వాత చాలాకాలం తలుపేసుకుంటాయి. 2023లో ఎయిర్ ఇండియా 470, ఇండిగో 500 విమానాలకి ఆర్డరిచ్చాయని అందరూ చూపిస్తారు, ఆ మాట నిజమే, కానీ ఆ విమానాలన్నీ ఒక్కరోజులో వచ్చి వాలవు, ఏళ్ల తరబడి వస్తాయి. ఈ ఖాళీలో ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, అంటే పరికరాల మీదే నడిపే అర్హత, ఏటా రెన్యువల్ చేయించాలి, మెడికల్ చేయించాలి, చేయి మరిచిపోకుండా ఉండాలి. వాటికీ డబ్బే.

కాబట్టి ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సింది ఇది: ట్రైనింగ్ ఖర్చు పోగా, ఇంకో రెండేళ్ల వడ్డీ, రెన్యువల్స్ పెట్టుకునే శక్తి ఉందా? ఉంటే మీకు అన్ని దారులూ తెరిచే ఉన్నాయి. లేకపోతే కొన్ని దారులే ఉన్నాయి, వాటిని ముందు చూడాలి.

ఎస్సీ, ఎస్టీ పిల్లలు ఒకసారి జిల్లా సాంఘిక సంక్షేమ, గిరిజన సంక్షేమ ఆఫీసుల్లో పైలట్ ట్రైనింగ్‌కి ఏ స్కాలర్‌షిప్ వర్తిస్తుందో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. మాటల మీద నమ్మి జాయిన్ అయిపోవద్దు.

దారులు

డబ్బు తక్కువున్న ఇంటికి నేను మొదట చూపించేది ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్. ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ, అందరూ ఇగ్రువా అంటారు, కేంద్ర ప్రభుత్వానిది. ఎంట్రన్స్ రాయాలి, ఇంటర్వ్యూ ఉంటుంది, రిజర్వేషన్లున్నాయి. ఫీజు ప్రైవేటు కంటే మరీ తక్కువేం కాదు గానీ, పేరుంది, విమానాలున్నాయి, చదివొచ్చినవాళ్లంటే ఎయిర్‌లైన్లకి గురి ఉంది. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. ఎంసెట్‌కి ప్రిపేర్ అవుతున్న పిల్లలు ఆ చదువుతోనే దీన్ని కూడా రాసేయొచ్చు, విడిగా ఏడాది వృథా చేయక్కర్లేదు.

ఇక అసలు డబ్బే లేని దారి ఒకటుంది, అది మన గుమ్మం ముందే ఉన్నా మనవాళ్లు పెద్దగా పట్టించుకోరు. విజయనగరం పక్కన కోరుకొండ సైనిక్ స్కూల్ 1962 నుంచి ఉంది. ఎన్డీఏ, అంటే నేషనల్ డిఫెన్స్ అకాడమీ పరీక్ష రాసి ఎయిర్‌ఫోర్స్ ఫ్లయింగ్ బ్రాంచ్‌కి వెళ్తే ట్రైనింగ్ ఖర్చు ప్రభుత్వానిదే, తర్వాత జీతమొస్తుంది. సైనిక్ స్కూల్లో చదవకపోయినా ఎన్డీఏ రాయొచ్చు, యూపీఎస్‌సీ ఏటా రెండుసార్లు పెడుతుంది, ఇప్పుడు ఆడపిల్లలకీ అవకాశముంది. డిగ్రీ అయ్యాక ఏఎఫ్‌క్యాట్ అనే ఎయిర్‌ఫోర్స్ ఎంట్రన్స్ ద్వారా షార్ట్ సర్వీస్‌లో, అంటే కొన్నేళ్ల సర్వీసుకే, వెళ్తే 14 ఏళ్ల తర్వాత బయటికొచ్చి ఎయిర్‌లైన్‌లో చేరేవాళ్లున్నారు. కానీ ఒక్క మాట, "ఫ్రీగా నేర్చుకుని ఎయిర్‌లైన్‌కి పోదాం" అనుకుని వెళ్లేవాళ్లకి అది సరిపడదు. అక్కడ మొదట సైనికుడు, తర్వాతే పైలట్. ఫ్లయింగ్ బ్రాంచ్‌కి పెట్టే కంప్యూటర్ సెలెక్షన్ పరీక్ష జీవితంలో ఒక్కసారే, తప్పితే మళ్లీ అవకాశం లేదు. చూపు నిబంధనలు కూడా సివిల్ కంటే చాలా గట్టివి.

ఎయిర్‌లైన్ల క్యాడెట్ ప్రోగ్రాములు దీనికి పూర్తిగా అటు చివర. ఇండిగోకి ఉంది, ఎయిర్ ఇండియాకి ఉంది. ముందే కంప్యూటర్ ఆప్టిట్యూడ్ టెస్టులు, గ్రూప్ యాక్టివిటీ, ఇంటర్వ్యూ పెట్టి ఎంచుకుంటారు, వాళ్లు చెప్పిన అకాడమీలోనే ట్రైనింగ్, చివర్లో టైప్ రేటింగ్ కూడా కలిపే ఉంటుంది. ఖర్చు కోటి దాటుతుంది. వినగానే గుండె గుభేలుమంటుంది, కానీ నేను ముందు చెప్పిన ఖాళీని ఇది చాలావరకు తగ్గిస్తుంది, అసలు ఆ ఎక్కువ డబ్బు కట్టేది అందుకే. టౌన్‌లో రెండిళ్లున్నవాళ్లకి, లోను సులభంగా దొరికేవాళ్లకి ఇదే మంచిదని నా అభిప్రాయం. అయితే చేతికిచ్చే లెటర్‌ని చదవాలి, లాయర్‌తో చదివించాలి. అందులో "షరతులతో కూడిన" ఆఫర్ అని ఉంటుంది, కంపెనీకి ఆ సమయానికి అవసరముంటేనే ఉద్యోగమని చిన్న అక్షరాల్లో ఉండొచ్చు. మధ్యలో మానేస్తే ఎంత వెనక్కిస్తారు, బాండ్ ఎన్నేళ్లు, మొదటిసారి ఫెయిలైతే అదనపు గంటలకి ఎవరు కట్టాలి, ఇవన్నీ సంతకానికి ముందే తేలాలి.

విదేశాలంటే అమెరికా, దక్షిణాఫ్రికా, న్యూజిలాండ్, కెనడా. వాతావరణం బాగుంటుంది, విమానాలెక్కువ, ఏడాదిలోపే గంటలు పూర్తయిపోతాయి. తిరిగొచ్చాక ఆ లైసెన్సుని డీజీసీఏ లైసెన్సుగా మార్చుకోవాలి. దానికి ఇక్కడి పేపర్లు రాయాలి, ఆర్‌టీఆర్ ఉండాలి, క్లాస్-1 ఉండాలి, మళ్లీ ఇక్కడ కొంత ఎగిరి చెక్‌లు, అంటే నడిపి చూపించే పరీక్షలు, ఇవ్వాలి. ఏడాదిలో వచ్చేశామని సంబరపడినవాళ్లు ఆ మార్పిడి దగ్గరే ఇంకో ఏడాది కూర్చుంటారు, పేపర్లు ముందే రాసుకోని వాళ్లయితే మరీ. ఇందాక రాసి పెట్టుకోమన్న అంకెలు ఇక్కడ కావాలి: మీరు ఎగిరిన గంటలు రాసుకునే లాగ్‌బుక్‌లో 300 నాటికల్ మైళ్ల ప్రయాణం డీజీసీఏ అడిగినట్టు రెండు చోట్ల పూర్తిగా ఆగిన ల్యాండింగ్‌లతో ఉందా, 100 గంటలు కమాండ్‌లో ఉన్నాయా, రాత్రి ల్యాండింగ్‌లు పది ఉన్నాయా అని అక్కడ ఉండగానే సరిచూసుకోండి. అక్కడి ఇన్‌స్ట్రక్టర్‌కి మన నిబంధనలు తెలిసుండాల్సిన పనిలేదు. డాలర్ రేటు పెరిగితే మీ బడ్జెట్ కూడా పెరుగుతుంది, దానికి పదో వంతైనా పక్కన పెట్టుకోవాలి.

మిగిలింది మన దేశంలోని మామూలు ఫ్లయింగ్ స్కూళ్లు, ఎక్కువమంది వెళ్లేది వీటికే. హైదరాబాద్‌లో ఉంది, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, కర్ణాటకల్లో చాలా ఉన్నాయి. డీజీసీఏ 2025 నుంచి వీటికి గ్రేడ్లు ఇవ్వడం మొదలుపెట్టింది, ఏ ప్లస్‌ప్లస్ నుంచి సీ దాకా. ముందు ఆ జాబితా చూడండి. భోగాపురం దగ్గర ఏవియేషన్ ఎడ్యుసిటీ వస్తోంది కదా, అప్పటిదాకా ఆగితే ఇంటి దగ్గరే నేర్చుకోవచ్చు కదా అని కొందరంటున్నారు. వస్తే సంతోషమే, దాని కోసం వయసు ఖర్చు పెట్టకండి.

స్కూల్‌కి వెళ్లినప్పుడు

ఫోన్‌లో మాట్లాడి, బ్రోషర్ చూసి డబ్బు పంపొద్దు. రైలెక్కి వెళ్లండి, శ్రీకాకుళం రోడ్ నుంచైనా విజయనగరం నుంచైనా రెండు రోజుల పనే. ఆఫీసులో కౌన్సెలర్ దగ్గర టీ తాగాక, విమానాలుంచే షెడ్డు, అదే హ్యాంగర్, చూపించమనండి. అక్కడ ఎన్ని విమానాలున్నాయన్నది లెక్కకాదు, ఇవాళ ఎగరగలిగేవి ఎన్ని అన్నదే లెక్క. ఇంజిన్ విప్పేసి, రెక్క మీద దుమ్ము పేరుకుని మూలన ఉన్నవాటిని కూడా వాళ్లు బ్రోషర్‌లో కలిపేస్తారు. ఎగిరే విమానాలకీ, క్యూలో ఉన్న స్టూడెంట్లకీ నిష్పత్తి చూడండి. పది మంది పైన ఒక విమానానికి ఉంటే, నా మట్టుకు నేను అక్కడి నుంచి లేచొచ్చేస్తాను.

తర్వాత కౌన్సెలర్‌ని వదిలేసి, సాయంత్రం హాస్టల్ దగ్గర కూర్చున్న పిల్లల్ని పట్టుకోండి. "పోయిన నెల ఎన్ని గంటలు ఎగిరావు నాన్నా?" అని ఒక్కటే అడగండి. నలుగురైదుగురిని అడిగితే నిజం తెలిసిపోతుంది. లాగ్‌బుక్ చూపించమంటే చాలామంది చూపిస్తారు కూడా, వాళ్లకీ చెప్పుకోవాలని ఉంటుంది. తెలుగు పిల్లలు దొరికితే ఇంకా మంచిది, లేనిపోని మొహమాటం ఉండదు.

రాత్రి ల్యాండింగ్‌లకి లైట్లున్న రన్‌వే వాళ్ల దగ్గరే ఉందా, లేక వేరే ఊరికి పంపుతారా? రెండింజిన్ల విమానం సొంతమా? చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ ఎన్నాళ్లుగా ఉన్నారు? ప్రమాదాలు జరిగాయా అని కూడా మొహమాటపడకుండా అడగండి. పిల్లని పంపేది మీరు.

డబ్బు ఒకేసారి కట్టమని, డిస్కౌంట్ ఇస్తామని అంటారు. వద్దు. గంటలు ఎగిరినదాన్ని బట్టి వాయిదాల్లో కట్టే ఒప్పందం చేసుకోండి, డిస్కౌంట్ పోతే పోనీ. మా బంధువుల అబ్బాయి ఒకడు మొత్తం ఫీజు ముందే కట్టేసిన స్కూల్‌లో విమానాలు ఆగిపోయాయి, డబ్బు వెనక్కి రాబట్టడానికి వాళ్ల నాన్న ఆ ఊరికి ఎన్నిసార్లు తిరిగాడో. రిఫండ్ ఎంత, ఎన్ని రోజుల్లో అన్నది స్టాంపు పేపర్ మీద ఉండాలి, వాట్సాప్ మెసేజ్ సరిపోదు.

ఆడపిల్లల్ని పంపడానికి కొందరు వెనకాడుతున్నారు. మన దేశంలో పైలట్లలో దాదాపు 15 శాతం ఆడవాళ్లే, ప్రపంచ సగటు కంటే చాలా ఎక్కువ. హాస్టల్ చూడండి, సందేహాలుంటే అక్కడ చదివే అమ్మాయిలనే అడగండి.

టైప్ రేటింగ్ మాత్రం తొందరపడి సొంతంగా చేయించేయొద్దు. ఏ320 చేయించుకున్నాక మీకు దొరికిన ఉద్యోగం 737 నడిపే కంపెనీలోదైతే ఆ 15 లక్షలు వృథా. ఎయిర్‌లైన్ ఎంపిక చేశాక, వాళ్లు చెప్పిన విమానానికి చేయించుకోవడమే మేలు. చేతినిండా డబ్బుండి, ఆ సమయంలో రేటింగ్ ఉన్నవాళ్లనే తీసుకుంటున్నారని ఖాయంగా తెలిస్తే అది వేరే సంగతి. కెప్టెన్ అవ్వడానికి 1500 గంటలు, ఏటీపీఎల్ అనే పై లైసెన్సు కావాలి, దాని గురించి ఇప్పుడు ఆలోచించక్కర్లేదు.

ఇంకొక్క పని, ఇవాళే చేయగలిగింది. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, ఆధార్, పాస్‌పోర్టు, ఈ నాలుగూ టేబుల్ మీద పరిచి పేరు చూడండి. మన వైపు ఇంటిపేరు ఒక చోట పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరంగా, మరోచోట పేరు వెనకాల ఉండటం చాలా మామూలు. పుట్టినతేదీ కూడా బడిలో వేసింది ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి ఉంటుంది. డీజీసీఏలో పరీక్షలు రాయడానికిచ్చే కంప్యూటర్ నంబర్ తీసుకునేటప్పుడు, మెడికల్ ఫైల్ తెరిచేటప్పుడు, లైసెన్సుకి పెట్టేటప్పుడు పేరు ఒకేలా ఉండకపోతే దరఖాస్తు వెనక్కొస్తుంది, ఒక్కోసారి నెలలు పోతాయి. పదో తరగతి మెమోలో ఎలా ఉందో అదే ప్రమాణంగా పెట్టుకుని ముందు ఆధార్ దిద్దించండి, తర్వాత దాన్ని బట్టి విశాఖ పాస్‌పోర్టు ఆఫీసులో పాస్‌పోర్టుకి అప్లై చేయండి. మెమోలోనే తప్పుంటే బోర్డుకి పెట్టుకోవాలి, దానికి అన్నిటికంటే ఎక్కువ టైం పడుతుంది, కాబట్టి ముందు దాన్నే మొదలుపెట్టండి.